పాత సైకిలుకు కొత్త రంగు

లోకమున అలంకారమును నిందించువారు కొందరు, దానినే నమ్ముకొని బ్రతుకువారు కొందరు. మొదటివారు పైపూత యంతయు కపటమందురు. రెండవవారు పైపూత లేని వస్తువు లోకమున చెల్లదందురు. ఈ వివాదమును తీర్చుటకు తగిన శాస్త్రజ్ఞానము మాకు లేదు. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి. తోనే ముగిసినది. తరువాత ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి తీసికొన్నవారము. కాగితములను తేదీల వరుసను పేర్చుట, కూడికలను సరిచూచుట, ఇవియే మాకు పట్టుబడిన విద్యలు. అయినను మా తండ్రిగారి పాత సైకిలొకటి మమ్ము ఈ వివాదములోనికి ఈడ్చినది. దానికి రంగు వేయించుట ధర్మమా, వేసినచో ఏ రంగు ధర్మము, రంగు క్రింద దాగియున్న దానిని ఎవరికి చెప్పవలెను అను ప్రశ్నలు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. వానిని మా సంఘపు సంచిక చదువు సోదర సోదరీమణుల ముందు ఉంచుచున్నాము.

మా తాతగారి కాలమున నెల్లూరు సీమ నుండి వచ్చి మద్రాసులో నిలిచిన కుటుంబము మాది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కార్యాలయమున ఆంగ్లము. మా తండ్రిగారు పెరంబూరు రైల్వే కర్మశాలలో పనిచేసిరి. 1957లో, వివాహమైన యేడే, వారొక సైకిలు సంపాదించిరి. నల్లని ఫ్రేము, దానిపై సన్నని బంగారు గీతలు, ఇనుపకడ్డీల బ్రేకులు, చైనును పూర్తిగా కప్పు పెట్టె, వెనుక బియ్యపుమూట పట్టునంత క్యారియరు గల హెర్క్యులిస్ బండి అది. ఆ పేరిటి సైకిళ్ళు మొదట ఇంగ్లాండు దేశపు బర్మింగుహాము పట్టణమునుండి ఓడలలో వచ్చెడివి. 1949లో టి.ఐ. సైకిల్సు సంస్థ ఏర్పడిన పిమ్మట మన అంబత్తూరులోనే తయారు కాజొచ్చినవి. "పెళ్ళయిన యేడు కొత్తది కొన్నాను" అని తండ్రిగారు చెప్పుచుండగా మేము అనేక పర్యాయములు వింటిమి.

ఆ దినములలో సైకిలు అనగా నేటివారికి కారు వంటిది. దానికి పన్ను కట్టవలెను, కట్టినట్లు బిళ్ళ తగిలింపవలెను, చీకటిపడిన పిదప దీపము లేనిదే ఎక్కరాదు. ఆదివారము ఉదయమున తండ్రిగారు దానిని పెరటిలో నిలిపి, కొబ్బరినూనెలో తడిపిన గుడ్డతో చువ్వ చువ్వకు తుడుచుచుండిరి. ముందు చక్రమునకు ముప్పదిరెండు చువ్వలు, వెనుకదానికి నలుబది. మాకు లెక్కించుట వచ్చినది ఆ చువ్వలమీదనే.

1975లో మా పరీక్షల మొదటిదినమున తండ్రిగారు మమ్ము వెనుక కూర్చుండబెట్టుకొని పోవుచుండగా, సందులోనుండి ఒక పసివాడు అడ్డముగా పరుగెత్తుకొని వచ్చెను. తండ్రిగారు చప్పున హేండిలు త్రిప్పి ప్రక్కనున్న తోపుడుబండిని గుద్దిరి. పసివానికి ఏమియు కాలేదు. తండ్రిగారి మోకాలు చీరుకొనిపోయినది. ఫ్రేము పైకడ్డీ మీద బొటనవ్రేలు పట్టునంత సొట్ట పడినది. ఆ రక్తపు మోకాలితోనే వారు మమ్ము పరీక్షాశాల వద్ద దింపి, "నీవు చూచుకొని వ్రాయి" అని మాత్రమే చెప్పి వెళ్ళిరి. ఆ సొట్ట అట్లే యుండిపోయినది.

1991లో తండ్రిగారు కాలధర్మము నొందిరి. సైకిలు మేడమెట్ల క్రిందికి చేరినది. ముప్పది సంవత్సరములకు పైగా అది మా యింటిలో విరిగిన కుర్చీలకు, పాత వార్తాపత్రికలకు తోడుగా నుండెను. 2023 డిసెంబరు మాసమున మిచౌంగ్ తుపాను వచ్చి మా వీధి నీట మునిగినప్పుడు సైకిలు ఇరుసులదాక నీటిలో నిలిచినది. నీరు తీసిన పిదప చూడగా తుప్పు పుండువలె పొంగుచుండెను. కాలేజీలో చదువుచున్న మా మనుమడు దానిని వీధిలోనికి ఈడ్చి, "తాతా, దీన్ని పారేయొద్దు, నేను బాగు చేయించుకొని ఎక్కుతాను. అయితే ఈ నలుపు వద్దు, లోహపు మెరుపు రంగు వేయిద్దాము" అనెను.

మాకు మొదట కలిగినది కోపము. తండ్రిగారి నలుపును మార్చుట యేమి? కాని తుప్పు మా కోపముకొరకు ఆగదు గదా! పెరంబూరులోనే ఒక సందులో సైకిళ్ళకు, మోటారుబండ్లకు రంగులు వేయు వృద్ధుడొకడున్నాడని తెలిసి అతనియొద్దకు తీసికొనిపోతిమి. అతడు తమిళుడు, మాకంటె నాలుగైదేండ్లు పెద్దవాడు. బండిని తలక్రిందులుగా నిలిపి చాలసేపు చూచి, తమిళమున అతడు చెప్పినదాని భావమిది: "అయ్యా, రంగు వేయుట రెండుదినముల పని. రంగు తీయుట ఆరుదినముల పని. ఆరుదినములకు ఒప్పుకొందురా?"

పాఠకులకు ఈ పని క్రమమును కొంచెము చెప్పవలసియున్నది, ఏలయన మా ధర్మసందేహము ఆ క్రమములోనే పుట్టినది. ఇనుము తుప్పుగా మారునప్పుడు అది మునుపటికంటె ఎక్కువ చోటు నాక్రమించును. కావున తుప్పు మీద ఎంత మంచి రంగు పూసినను, లోపలి తుప్పు పెరిగి ఆ రంగును బొబ్బవలె పైకి నెట్టును, ఒక్క వానకాలముతో బండారము బయటపడును. అందుచేత తెలిసిన పనివాడు మొదట పాత రంగును, తుప్పును ఎమ్రీ కాగితముతో, ఇనుపతీగల కుంచెతో, అవసరమైనచోట మందుతో తీసివేయును. తళతళలాడు ఇనుము బయటపడిన పిమ్మట చమురుమరక లేకుండ తుడిచి, ఎర్రని రెడ్ ఆక్సైడు పూత పూయును. అది ఆరిన తరువాత నునుపు చేసి, మరల పూసి, మరల నునుపు చేసి, అప్పుడుగాని అసలు రంగు నంటనీయడు. పెద్ద కర్మాగారములలో ఇనుమును ముందు ఫాస్ఫేటు ద్రావకములో ముంచి తుప్పుపట్టని పొరను కల్పింతురు. 1906లో కాస్లెట్టు అను ఆంగ్లేయుడు ఆ పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఆ పొర ఎవరికిని కనబడదు, కాని రంగు నిలుచుట దానివలననే.

ఇక లోహపు మెరుపుల సంగతి. వెండిరంగు అనుదానిలో వెండి లేదు, అది అల్యూమినియము పొడి. బంగారురంగులో బంగారము లేదు, అది సాధారణముగా రాగిని తుత్తునాగమును కలిపిన ఇత్తడిజాతి పొడి. ఈనాటి మెరుపు రంగులలో చాలవానియందు అట్టి సన్నని లోహపు రేకులు తేలుచుండి వెలుతురును తిరుగగొట్టును. వానిపై పలుచని గాజువంటి రంగు పూసినచో నెమలికంఠమువలె చూచుకొలది మారును. మా మనుమడు కోరినది అట్టి నీలము.

మూడవదినమున పనివాడు మాకు కబురుపంపెను. పోయి చూచితిమి. అతడు సీటు క్రింది కడ్డీని గీచుచు ఆగిపోయి యుండెను. నలుపు పొర క్రింద ఎర్రని పూత లేదు, ఇనుమును లేదు. ముదురు ఆకుపచ్చ రంగున్నది. దానిమీద మేకుతో గీచిన రెండు ఆంగ్లాక్షరములున్నవి. అవి మా తండ్రిగారి పేరిటివి కావు. "ఈ నలుపు కర్మాగారమున వేసినది కాదయ్యా, చేతితో వేసినది. చాల ఓపికతో వేసినారు. బంగారు గీత కూడ చేతిదే. అది ఎంత నిటారుగా నున్నదో చూడుడు" అని అతడు మెచ్చుకొనుచు చెప్పెను. వాని మెప్పు మా చెవికెక్కలేదు. సైకిలు కొత్తది కాదు. తండ్రిగారు ఎవరియొద్దనో పాతబండి కొని, తామే రంగు వేసి, కొత్తదని చెప్పిరి. అరువదియైదు సంవత్సరములకు పైగా మా యింట నిజమని చెలామణి యైన మాట నిజము కాదు.

ఆ సాయంకాలము మా తల్లిగారితో చెప్పవలెనా, వలదా అని తర్కించుకొని తుదకు చెప్పితిమి. అప్పటికి వారికి ఎనుబదియారేండ్లు. వారు ఆశ్చర్యపడలేదు. "నాకు తెలుసురా. ఆ యేడు వానలకే చైను పెట్టె దగ్గర పెచ్చు లేచి పచ్చరంగు కనబడింది. మీ నాన్న రాత్రిపూట దీపం పెట్టుకొని మళ్ళీ నలుపు పూశారు. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను" అనిరి. "ఎందుకమ్మా ఊరకున్నావు?" అని అడిగితిమి. "మా నాయన అల్లుడు కొత్త సైకిలు కొన్నాడని ఊరంతా చెప్పుకొని సంతోషపడ్డాడు. ఆయన ముందు తలెత్తుకొని నిలబడాలని మీ నాన్నకు ఆశ. అడిగితే ఆ తల దిగిపోతుంది. నేను ఎక్కి కూర్చున్న బండి నన్ను ఏనాడూ పడేయలేదు, అది చాలు" అనిరి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. తండ్రిగారిని తప్పుపట్టినందువలన కాదు. తండ్రిగారి రంగు మాకు మా రంగును జ్ఞాపకముచేసినందువలన. ముప్పదియెనిమిదేండ్లుగా ఎవరికిని చెప్పని సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

1986లో మాకు సొంతముగా వేరొక సైకిలుండెను. పాతదానినే కొంటిమి. దాని ముందు ఫోర్కు మెడవద్ద పగులుపట్టగా ఇత్తడిపోసి అతికించిరి. అతికినవాడు "బరువు మోయింపకండి" అని హెచ్చరించెను. మేము మోపెడు కొనదలచి ఆ సైకిలును అమ్మజూచితిమి. అతుకు కనబడినచో ధర పలుకదు. ఒక డబ్బా నీలిరంగు తెచ్చి బండికంతటికి పూసి, ఫోర్కు మెడకు రెండు పూతలు వేసి, హేండిలుకు వెండిరంగు పూసితిమి. చూచుటకు పెండ్లికుమారునివలె నుండెను. కొన వచ్చినవాడు తెల్లవారుజామున ఇంటింటికి పాలపొట్లములు వేయు కుర్రవాడు, మన తెలుగువాడే. వాడు ఫోర్కును తట్టిచూచి, "బాగుంటుందా సార్?" అనెను. మేము "నీవే చూచుకొనుము, కొత్త రంగు" అంటిమి. అబద్ధమాడలేదని మనస్సులో తృప్తిపడితిమి. మా మాటకు బదులు రంగు అబద్ధమాడినది.

మూడుమాసములు తిరుగకముందే పాలపెట్టె బరువుకు ఫోర్కు విరిగినది. కుర్రవానికి మణికట్టు విరిగి, ముందు పండ్లు రెండు ఊడినవి. కట్టుతో మా యింటికి వచ్చెను. పోట్లాడుటకు కాదు. గుమ్మమువద్ద నిలిచి, "సార్, ఆ అతుకు సంగతి మీకు ముందే తెలుసా?" అని మాత్రము అడిగెను. మేము "తెలియదు" అంటిమి. ఏబది రూపాయలు దానముగా చేతిలో పెట్టితిమి. వాడు నమస్కరించి పుచ్చుకొనెను. ఆ నమస్కారము నేటికిని మమ్ము విడువలేదు. కొన్ని వారములకు మనస్సాగక వెదుకగా, వారు ఆ పేట విడిచిపోయిరని తెలిసినది.

ఇప్పుడు ప్రశ్న స్పష్టమగుచున్నది. మా తండ్రిగారు పాత ఇనుముపై రంగు వేసి కొత్తదనిరి. మేమును అట్లే చేసితిమి. రెండును ఒకటేయా? ఒకటి కాదని మనస్సు చెప్పుచున్నది. కాని తండ్రిమీది ప్రేమవలనను, తనమీది కోపమువలనను మనస్సు పక్షపాతము చూపవచ్చును. కావున విచారింపవలెను.

మన యిండ్లలో రెండువిధములైన పూతలు చిరకాలముగా నెరుగుదుము. ఒకటి కళాయి, రెండవది గిల్టు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచినచో చిలుమెక్కి విషమగును. అందుచేత కళాయివాడు గిన్నెను కాచి, నవసాగరము చల్లి, తగరమును దూదితో లోపలంతట పూయును. ఆ పూత లోపలివైపు నుండును, పదిమందికి కనబడదు, తినువాని ప్రాణమును కాపాడును. గిల్టునగ మాట వేరు. అది కనబడుటకే పుట్టినది. అయినను దానిని తప్పనజాలము. పేద యిల్లాలు పేరంటమునకు గిల్టుగాజులు తొడిగికొన్నచో ఎవరికి నష్టము? ఆ గాజులనే తాకట్టుకొట్టులో బంగారమని పెట్టిననాడు అది దొంగతనమగును. వస్తువు మారలేదు, పూత మారలేదు. ఒకడు తన నమ్మకమును దానిపై నిలుపుటయే మారినది. మేడిపండు ఉపమానము మనవారందరికి తెలిసినదే. పండు మీది నునుపు దోషము కాదు. లోపల నేమున్నదో యెరిగి దానిని ఆకలిగొన్నవాని చేతిలో పెట్టుట దోషము.

రంగు తనంతట అసత్యము కాదు. కొండపల్లి బొమ్మను తీసికొనుడు. తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగులు వేయువరకు అది కర్రయే. రంగు పడిన పిదపనే అది దశావతారమగును, తాటిచెట్టెక్కు గీతగాడగును. దానిని చూచి కర్రను దాచినారని ఎవరును నిందింపరు.

పాతదానిని కొత్తగా చేసిన తరువాత అది పాతదేనా అను ప్రశ్నయు పెద్దలకు క్రొత్త కాదు. ఏథెన్సువారు థీసియసు ఓడను దాచుకొని, కుళ్ళిన పలకలను తీసి కొత్తపలకలు వేయుచుండగా, అది ఆ ఓడయేనా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకొనిరని ప్లూటార్కు వ్రాసెను. మన దేశమున మిళిందపన్హమను పాలీ గ్రంథములో నాగసేనుడను భిక్షువు మిళిందరాజును రథమనగా ఇరుసా, చక్రమా, కాడియా అని ప్రశ్నించి, విడిగా నేదియు రథము కాదనియు, అన్నియు కూడినప్పుడు వ్యవహారమునకు పెట్టిన పేరే రథమనియు ఒప్పించెను. మా తండ్రిగారి సైకిలుకు టైర్లు ఎన్నిసార్లు మారినవో లెక్కలేదు. రిమ్ములు, సీటు, చైను మారినవి. ఫ్రేము, ఫోర్కు, గంట మిగిలినవి. అయినను అది తండ్రిగారి బండియే. పూరీక్షేత్రమున జగన్నాథస్వామి దారుమూర్తులను నవకళేబరమను ఉత్సవమున మార్చి కొత్తవి ప్రతిష్ఠింతురు. 1996లో జరిగినది, మరల 2015లో జరిగినది. స్వామి మారెనని భక్తులెవరును అనుకొనరు. అయితే అచ్చట ఒక నియమమున్నది. మార్చుట లోకమునకంతటికి తెలిసియే జరుగును. రహస్యముగా నుండునది లోపలి బ్రహ్మపదార్థమే కాని, మార్పు కాదు.

ఇట్లు విచారింపగా మాకొక తూనికరాయి దొరకినట్లు తోచినది. పూతక్రింద నున్నదాని ఫలమును ఎవరు అనుభవింతురు? పూసినవాడే అనుభవించునా, తెలియని మరియొకడా? తండ్రిగారు ఆ సైకిలును ఎవరికిని అమ్మలేదు. రంగుక్రింద ఇనుము గట్టిదో కాదో వారు తట్టి చూచుకొనియే యుందురు, ఏలయన దానిమీద కూర్చుండినవారు వారు, వారి భార్య, వారి బిడ్డలు. బండి విరిగినచో విరుగునది తమ యెముకయే. మా నీలిరంగు క్రింది పగులు మాత్రము పరుని మణికట్టుకొరకు కాచుకొని యుండెను.

ఈ తూనికరాయి పూర్తిగా చాలునని కూడ చెప్పజాలము. మా మాతామహులు అల్లుని మాట నమ్మిరి. వారికి దెబ్బ తగులకపోవచ్చును, నమ్మకమునకు తగిలినది. మా తల్లిగారు ఒక రాత్రి నిద్రనటించి, ఆ నటనను ఆరు దశాబ్దములు మోసిరి. పిల్లలమైన మాకు "కొత్తది కొన్నాను" అను మాటవలన, పాతవస్తువు కొనుట సిగ్గుచేటను భావము తెలియకయే అబ్బినది. 1986లో మేము అతుకును దాచుటకు ఆ సిగ్గులోని యొక పాలు కారణమై యుండునా? తండ్రిగారిమీద నెపము మోపుటకు ఇట్లు వ్రాయుటలేదు, తప్పు మాదే. పరులకు దెబ్బ తగులని అసత్యము చిన్నది కావచ్చును, సత్యము మాత్రము కాదు. దానికిని ఎవరో ఒకరు అద్దె చెల్లించుచునే యుందురు. అంతవరకు చెప్పి తండ్రిగారి విషయమును ముగించెదము.

పనివాని యొద్ద మరియొక సమస్య వచ్చినది. మెరుపు రంగుతోపాటు హేండిలుకు, రిమ్ములకు కొత్తగా క్రోమియము పూత వేయింపవలెనని మా మనుమని కోరిక. ఆ పూత వేయు విధమును విచారించితిమి. మొదట నికెలు పూతవేసి, దానిమీద క్రోమియమును విద్యుత్తుతో ఎక్కింతురు. పైనున్న క్రోమియము మిల్లీమీటరులో వెయ్యవవంతు మందము కూడ నుండదు. తుప్పును ఆపు పనిలో ఎక్కువపాలు క్రింది నికెలుదే, మెప్పు మాత్రము పైదానిది. గుమాస్తాల పరిస్థితి ఎరిగినవారికి ఇది వింత కాదు. ఆ తొట్టిలోని క్రోమికామ్లము కడు క్రూరమైనది. తగిన రక్షణ లేనిచోట దాని తుంపరలు పనివారి ముక్కులోని గోడను తొలుచును, ఊపిరితిత్తులకు రాచపుండు తెచ్చును. ఆ జాతి విషము నీటిలో కలిసిన యెడల ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. రాణిపేటలో తోళ్ళ పరిశ్రమకు క్రోమియపు లవణములు చేసిన కర్మాగారమొకటి 1995లో మూతపడి, లక్ష టన్నులకు మించిన వ్యర్థమును విడిచిపోగా, చుట్టుపట్ల భూమిలోని నీరు చెడినది.

మా తూనికరాయి ఇచ్చట మరల పనికివచ్చినది. ఈ తళుకుయొక్క ఫలమును ఎవరు అనుభవింతురు? చూచి మురియువారము మనము, ముక్కు పోగొట్టుకొనువాడు వేరొకడు. రంగు వేయువానికిని పొగ తగులదా అని మనుమడు వాదించెను. తగులును. ఏ తళుకును పూర్తిగా ఉచితము కాదు. తక్కువ హాని గలదానిని ఏరుకొనుట, పనివానికి ముక్కుగుడ్డకును గాలికిని పట్టు ఖర్చును మన లెక్కలో వ్రాసికొనుట, ఇంతకుమించి మాకు దారి తోచలేదు. హేండిలును శుభ్రపరచి, మిగిలిన మెరుపును మిగిలినట్లే ఉంచి, పైన నీళ్ళవంటి వార్నీషు పూయించితిమి. అచ్చటచ్చట మచ్చలున్నవి, ఉండనిండు.

ఇక రంగు. మేము నలుపే కావలెనని పట్టుబట్టితిమి. మనుమడు నెమ్మదిగా, "తాతా, పచ్చబండిని ముత్తాత తనకు ఇష్టమైన రంగు చేసుకున్నాడు కదా. ఆయన చేసిందే నేనూ చేస్తానంటే తప్పా?" అనెను. మాయొద్ద సమాధానము లేకపోయెను. గతించినవారి యిష్టమును బ్రతికినవారిపై పూయుటయు ఒకవిధమైన కపటమే. నలుపును రక్షించుచున్నామనుకొంటిమి. నిజమునకు మేము రక్షించుచుండినది "కొత్తది కొన్నాను" అను మాటను. సైకిలు నెక్కి తిరుగువాడు వాడు. రంగు వానిది కావచ్చును.

అయితే మూడు నియమములు పెట్టితిమి. మొదటిది, పైకడ్డీ మీది సొట్టను లప్పముతో నింపరాదు. పనివాడు నింపినచో అద్దమువలె నుండుననెను. దాని కథ విన్న పిదప తానే వలదనెను. రెండవది, సీటు క్రింద, ఆ రెండక్షరములున్నచోట, రెండంగుళముల మేర పాత ఆకుపచ్చను, దాని ప్రక్కన తండ్రిగారి నలుపును, చేతితో గీచిన బంగారు గీత తునకను అట్లే విడిచి, పైన వార్నీషు మాత్రము పూయవలెను. వంగి చూచువారికి మూడు తరముల రంగులును కనబడవలెను. మూడవది మా గుమాస్తా అలవాటునుండి వచ్చినది. ఏ కాగితమునకైనను వెనుక దస్త్రమొకటి యుండవలెను గదా! ఈ బండి ఎప్పటిది, ఏ భాగము ఎప్పుడు మారినది, ఎచ్చట సొట్ట, ఎచ్చట తుప్పు లోతుగా తిన్నది అన్నియు ఒక కాగితముమీద తెలుగున వ్రాసి, సంతకము చేసి, తేదీ వేసి, సీటు వెనుక పనిముట్ల తోలుసంచిలో పెట్టితిమి. ఈ బండి ఎప్పుడైన చేతులు మారినచో ఆ కాగితముతోనే మారవలెనని మనుమనిచేత మాట తీసికొంటిమి.

సైకిలు ఇప్పుడు నెమలికంఠపు నీలముతో మెరయుచున్నది. మొదటిదినమున దానిని గుమ్మమువద్దకు తెచ్చినప్పుడు మా తల్లిగారు చేతితో తడవి, సొట్టవద్ద వ్రేలు ఆపి, "బాగుందిరా" అనిరి. ఏది బాగున్నదో మేము అడుగలేదు.

అలంకారము తప్పా ఒప్పా అని మొదట ప్రశ్నించుకొంటిమి. ఇన్ని విచారించిన పిమ్మట మాకు మిగిలినది ఇంతే. రంగు వేయుటకు ముందు తుప్పు తీయవలెను. తుప్పు తీయజాలనిచోట తుప్పున్నదని చెప్పవలెను. వస్తువునకైనను, కుటుంబమునకైనను, పరదేశములలో తరతరములుగా పలురంగులు పులుముకొని బ్రతుకుచున్న మావంటి వారి సంఘములకైనను ఇది చెల్లునని తోచుచున్నది. పొరలుండుట తప్పు కాదు, ఎవరైన వంగి చూచిననాడు క్రింది పొర కనబడునట్లు కొంత చోటు విడువవలెను.

ఆ పాలకుర్రవానికి ఇప్పటికి ఏబదియైదేండ్లు దాటియుండును. ఎచ్చట నున్నాడో తెలియదు. మన సంఘపు సంచికలు తెలుగిండ్లలో చేతులు మారుచుండును గనుక, ఎన్నడైన ఇది ఆయన కంటబడవచ్చునను ఆశతో, ముప్పదియెనిమిదేండ్ల క్రిందట గుమ్మమువద్ద ఆయన అడిగిన ప్రశ్నకు నేడు సరియైన సమాధానము వ్రాయుచున్నాము: అయ్యా, మాకు తెలియును. ముందే తెలియును.